తెర మీది కుక్కపిల్ల, మన పిల్లల హక్కులు

(ప్రాథమిక తరగతుల పిల్లలతో పనిచేస్తున్న మహిళా కార్యకర్తల శిక్షణా శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు నేను మాట్లాడబోయే విషయం వినగానే మీలో కొందరికి నవ్వు రావచ్చు. వరకట్న హత్యలు, బాల్య వివాహాలు, పనిచేసే చోట లైంగిక వేధింపులు, ఇన్ని సమస్యలు మన ముందు ఉండగా ఫోన్‌లో కనిపించే బొమ్మ కుక్కపిల్ల గురించి చర్చించుకోవాలా అని. నాకూ మొదట్లో అలాగే అనిపించింది. ఒక చిన్నపిల్ల అడిగిన ప్రశ్న నా అభిప్రాయాన్ని మార్చింది. ఆ ప్రశ్న దగ్గరికి ఎలా వచ్చామో ముందు చెబుతాను.

మేం హైదరాబాదు శివారులోని ఒక బస్తీలో సాయంత్రం బడి నడుపుతున్నాం. ఒకటి నుంచి మూడో తరగతి దాకా పిల్లలు వస్తారు. తల్లుల్లో ఎక్కువమంది ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళు. తండ్రులు ఆటో నడిపేవాళ్ళు, సెంట్రింగ్ పనికి వెళ్ళేవాళ్ళు. 2023లో ఒక కంపెనీ వాళ్ళు మా బడికి ఎనిమిది ట్యాబులు ఉచితంగా ఇచ్చారు. వాటిలో లెక్కలు నేర్పే సాఫ్ట్‌వేర్ ఉంది. అందులో ప్రతి పిల్లకూ, పిల్లవాడికీ తెర మీద ఒక కుక్కపిల్ల వస్తుంది. దానికి పేరు పెట్టుకోవాలి. పది కూడికలు సరిగ్గా చేస్తే దానికి గిన్నెడు పాలు. ఇరవై చేస్తే స్నానం. ఏమీ చేయకపోతే డీలాపడి పడుకుంటుంది. మర్నాడు కూడా చేయకపోతే కన్నీళ్ళు పెట్టుకుంటుంది. మూడు రోజులు ఎవరూ పలకరించకపోతే ఇల్లు వదిలి వెళ్ళిపోతుంది. ఇంటి దగ్గర కూడా సాధన చేయాలి కాబట్టి తల్లిదండ్రుల ఫోన్లలో కూడా దీన్ని వేయించమని కంపెనీ వాళ్ళు చెప్పారు. మేమే ఇల్లిల్లూ తిరిగి వేయించాం. ఆ మాట దాచుకోను.

మొదటి నెలంతా మాకు సంతోషంగానే ఉంది. పిల్లలు ఎగబడి లెక్కలు చేశారు. మా నివేదికలో గొప్పగా రాసుకున్నాం కూడా. రెండో నెలలో, రెండో తరగతి చదివే ఒక పాప బడికి వచ్చి చాప మీదే నిద్రపోవడం మొదలుపెట్టింది. తల్లిని కలిసి అడిగాను.

"రాత్రి దాకా దానికోసమే కూసుంటది మేడమ్. ఫోను వాళ్ళ నాయన దగ్గరనే ఉంటది గదా. ఆయన ఆటో బంద్ చేసి వచ్చేసరికి పదకొండయితది. ముందుగాల వాళ్ళన్న ఆడుకుంటడు. ఆయినంక దీని చేతికొస్తది. అప్పుడు కుక్కకు పాలు పోసి పండుకుంటది. పొద్దున లేసి తమ్మున్ని ఎత్తుకోవాలె, నీళ్ళు పట్టాలె. నేనే ఆ లెక్కలు చేద్దామంటే నాకు చదువు రాదాయె" అందామె.

ఒక రాత్రి ఫోన్ తలదగ్గర పెట్టుకుని పడుకున్నారట. అర్ధరాత్రి కుక్క మొరిగిన చప్పుడు వచ్చింది. తెర మీద "నన్ను మరిచిపోయావా?" అన్న అక్షరాలు. పిల్ల ఉలిక్కిపడి లేచి ఏడ్చింది. నేను ఆ పాపను దగ్గర కూర్చోబెట్టుకుని, "అది బొమ్మ కదమ్మా, దానికి ఆకలి ఉండదు, ఏడుపు రాదు" అని నచ్చజెప్పాను. ఆ పిల్ల కాసేపు ఆలోచించి, "ఆకలి కాకుంటే మరి నన్నెందుకు లేపింది టీచర్?" అని అడిగింది.

ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. తర్వాత వెతుక్కున్న జవాబే ఈ ప్రసంగం.

ఈ బొమ్మ ఎక్కడి నుంచి వచ్చింది?

ఇది మన దగ్గర పుట్టింది కాదు. 1996 నవంబరులో జపాన్‌లో బందాయ్ అనే ఆటబొమ్మల కంపెనీ 'తమగోచ్చి' అనే చిన్న గుడ్డు ఆకారపు బొమ్మను అమ్మకానికి పెట్టింది. దాని సృష్టికర్తలుగా ఇద్దరి పేర్లు చెబుతారు. ఒకరు ఆ కంపెనీ ఉద్యోగిని అకి మైటా, రెండోవారు అకిహిరో యొకోయి. ఆ గుడ్డు లోపలి చిన్న తెర మీద ఒక ప్రాణి పుడుతుంది. మీటలు నొక్కి దానికి తిండి పెట్టాలి, మలం ఎత్తాలి, జబ్బు చేస్తే మందు వేయాలి. పట్టించుకోకపోతే చచ్చిపోతుంది. దీన్ని మొదట ఎవరి కోసం తయారుచేశారో గమనించండి. టీనేజి ఆడపిల్లల కోసం. సాకడం అనేది ఆడపిల్లకు సరదా అని కంపెనీ ముందే నిర్ణయించుకుంది.

అది కోట్లల్లో అమ్ముడుపోయింది. తరగతి గదుల్లో గుడ్లు కీచుకీచుమంటుంటే పాఠాలు సాగక చాలా దేశాల్లో బడులు వాటిని నిషేధించాయి. పిల్లలు బడిలో ఉన్నంతసేపూ అది చావకుండా చూసే పని ఎన్నో ఇళ్ళల్లో తల్లుల మీద పడింది. 1997లో అమెరికాలో హాస్యానికి ఇచ్చే ఇగ్ నోబెల్ బహుమతిని, అర్థశాస్త్రంలో, ఆ ఇద్దరు సృష్టికర్తలకు ప్రకటించారు. లక్షలాది పనిగంటలను లేని జంతువుల పెంపకానికి మళ్ళించినందుకట! నవ్వుకోవడానికి ఇచ్చిన బహుమతే అయినా అందులో నిజం ఉంది. ఆ పనిగంటలు ఎవరివి అన్నది మాత్రం వాళ్ళు అడగలేదు.

తర్వాత 1998లో మాట్లాడే ఫర్బీ బొమ్మ, 1999లో కంప్యూటర్‌లో పెంచుకునే నియోపెట్స్ వచ్చాయి. వీటితో ఆడుకునే పిల్లలను ఏళ్ళ తరబడి గమనించిన పరిశోధకురాలు షెర్రీ టర్కిల్. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో పనిచేసే ఆమె 2011లో వెలువడిన తన పుస్తకంలో చెప్పిన ఒక విషయం మనకు ముఖ్యం. బొమ్మ మన అవసరం తీర్చినప్పటికంటే, తన అవసరం తీర్చమని మనల్ని అడిగినప్పుడే మనిషి దానికి ఎక్కువగా కట్టుబడతాడు. మనం సాకినదాన్ని మనం ప్రేమిస్తాం. అది మనల్ని తిరిగి ప్రేమిస్తోందని కూడా నమ్ముతాం. ఇది పిల్లల తెలివితక్కువతనం కాదు, మనిషి స్వభావం. ఆ స్వభావాన్ని తెలుసుకున్న వాళ్ళు దాన్ని దేనికి వాడుతున్నారన్నదే ప్రశ్న.

ఇందులో మంచి లేదా?

ఉంది. లేదని చెప్పడం అన్యాయం. తైవాన్‌లో జీ-హాంగ్ చెన్, తక్-వై చాన్ మొదలైన పరిశోధకులు 'మై పెట్' అనే పెంపుడు జంతువును ప్రాథమిక పాఠశాల పిల్లల కోసం తయారుచేసి 2007లో దాని గురించి ప్రచురించారు. పిల్లకు ఏ పాఠం వచ్చిందో, ఏది రాలేదో ఆ జంతువు స్థితిలో కనబడుతుంది. మార్కుల కాగితం చూపిస్తే ముడుచుకుపోయే పిల్లలు తమ జంతువు కోసం మళ్ళీ పాఠం తెరిచి చదువుకోవాలన్నది వాళ్ళ ఆలోచన. దాని పక్కనే 'అవర్ పెట్' అని ఇంకొకటి చేశారు. దాన్ని ఒక జట్టు పిల్లలంతా కలిసి పెంచాలి.

అమెరికాలో వాండర్‌బిల్ట్, స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయాల వాళ్ళు 'బెట్టీస్ బ్రెయిన్' అనేది తయారుచేశారు. అందులో పిల్లలే టీచర్లు. తెర మీద ఉన్న బెట్టీ అనే అమ్మాయికి పాఠం చెప్పాలి. తర్వాత బెట్టీ పరీక్ష రాస్తుంది. తమ కోసం చదువుకునేటప్పటికంటే, తాము నేర్పాల్సినవాళ్ళు ఉన్నప్పుడు పిల్లలు ఎక్కువసేపు చదువుతున్నారని 2009లో ప్రచురించిన అధ్యయనంలో తేలింది. తప్పు జరిగితే అది తన ఒక్కదాని తప్పే అన్న భారం కూడా పిల్ల మీద పడదు.

అయితే ఒక తేడా చూడండి. బెట్టీకి జవాబు రాకపోతే మళ్ళీ నేర్పాలి, అంతే. ఆమె అర్ధరాత్రి లేపదు. ఏడవదు. వెళ్ళిపోతానని బెదిరించదు. కాబట్టి పిల్లల్లోని ప్రేమను, బాధ్యతను చదువుకు తోడు చేయవచ్చు. దానికి భయం అవసరం లేదు. మా బడికి వచ్చిన సాఫ్ట్‌వేర్‌లో కుక్కపిల్ల ఏడుపుకూ కూడికలకూ సంబంధం ఏమీ లేదు. ఆ ఏడుపు పిల్లను రోజూ తెర ముందుకు రప్పించడానికి పెట్టింది. రోజూ ఎంతమంది వచ్చారు, ఎంతసేపు ఉన్నారు అన్న లెక్క కంపెనీకి కావాలి. ఆ లెక్క చూపించే అది పెట్టుబడి తెచ్చుకుంటుంది. ఆ పాపను నిద్రలేపింది ఆ లెక్క.

సాకే పని ఎవరిది?

ఇక్కడే ఇది మన సమస్య అవుతుంది. 2019లో మన దేశంలో జరిగిన సమయ వినియోగ సర్వే ప్రకారం ఇంటిపని చేసేవాళ్ళలో ఆడవాళ్ళు రోజుకు 299 నిమిషాలు జీతం లేని ఆ పనికి వెచ్చిస్తుంటే, మగవాళ్ళు 97 నిమిషాలు వెచ్చిస్తున్నారు. ఆ సర్వే ఆరేళ్ళ వయసు నుంచి లెక్క తీసింది. అంటే మా రెండో తరగతి పాప కూడా ఆ లెక్కల్లోకి వచ్చే వయసుదే. తమ్ముణ్ణి ఎత్తుకునే పిల్లకు, నీళ్ళు పట్టే పిల్లకు, చదువు పేరుతో మరో బిడ్డను చంకకు ఎత్తాం. ఆమెకు దొరికే కాస్త ఆటసమయంలో కూడా ఒకరికి పాలు పట్టాల్సిందే.

మరి మగపిల్లల సంగతి? మూడో తరగతి బాబు ఒకడు కుటుంబంతో ఊరికి పోయి వారం తర్వాత వచ్చాడు. అక్కడ సిగ్నల్ లేదు. వచ్చి చూస్తే వాడి కుక్కపిల్ల వెళ్ళిపోయింది. వాడు వెక్కివెక్కి ఏడ్చాడు. తోటి పిల్లలు "ఆడపిల్ల లెక్క ఏడుస్తున్నడు" అని ఎగతాళి చేశారు. మర్నాటి నుంచి వాడు కొత్త కుక్కపిల్లను కావాలనే పస్తులుంచి, అది ఏడుస్తుంటే అందరికీ చూపించి నవ్వడం మొదలుపెట్టాడు. ఆడపిల్ల అపరాధ భావాన్ని నేర్చుకుంది. మగపిల్లవాడు మనసు రాయి చేసుకోవడం నేర్చుకున్నాడు. పితృస్వామ్యం ఇద్దరికీ నేర్పాలనుకునే పాఠాలు ఇవే కదా. మగపిల్లలకు కూడా సాకడం నేర్పాలని మనం ఎన్నో ఏళ్ళుగా అంటున్నాం. ఆ అవకాశం ఈ బొమ్మలో ఉండింది. ప్రేమకు శిక్షను ముడిపెట్టి దాన్ని పాడుచేశారు.

ఫోన్ ఎవరి చేతిలో ఉందన్నది ఇంకో విషయం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఇంటర్నెట్ ఎప్పుడైనా వాడామని చెప్పిన ఆడవాళ్ళు నూటికి 33 మంది, మగవాళ్ళు 57 మంది. తాము సొంతంగా వాడుకునే ఫోన్ ఉన్న ఆడవాళ్ళు నూటికి 54 మందే. మన ఇళ్ళల్లో ఫోన్ తండ్రిది, తర్వాత కొడుకుది, ఆ తర్వాత కూతురిది. రోజూ తెరవకపోతే శిక్షించే సాఫ్ట్‌వేర్ ఎవరిని ఎక్కువ శిక్షిస్తుందో వేరే చెప్పనక్కరలేదు.

హక్కుల దృష్టితో చూస్తే

2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టంలో 17వ సెక్షన్ ఉంది. పిల్లలను శారీరకంగా శిక్షించకూడదనే కాదు, మానసికంగా వేధించకూడదని కూడా అది చెబుతుంది. "నువ్వు లెక్కలు చేయలేదు కాబట్టి నీ కుక్కపిల్ల పస్తు పడుకుంది" అని ఒక టీచరు ఏడేళ్ళ పిల్లతో రోజూ అంటే మనం ఊరుకుంటామా? అదే మాట యంత్రం అంటే చదువు అంటున్నాం. చట్టం రాసిన రోజున సాఫ్ట్‌వేర్ గురించి ఎవరూ ఆలోచించి ఉండరు. కానీ బడిలోకి దాన్ని తెచ్చేది పెద్దవాళ్ళే కాబట్టి బాధ్యత వాళ్ళదే, అంటే మనదే.

మన దేశం 1992 డిసెంబరులో ఒప్పుకున్న బాలల హక్కుల ఒడంబడికలో 16వ అధికరణం పిల్లల గోప్యతకు, 31వ అధికరణం విశ్రాంతికీ ఆటకూ హక్కు ఇస్తున్నాయి. ఆ ఒడంబడిక అమలును చూసే కమిటీ 2021లో విడుదల చేసిన 25వ సాధారణ వ్యాఖ్యలో, వ్యాపారం కోసం పిల్లల వివరాలు పోగుచేసి వాళ్ళను గురిపెట్టడాన్ని ప్రభుత్వాలు చట్టం ద్వారా నిషేధించాలని చెప్పింది.

గోప్యత అనేది మన బస్తీ పిల్లలకు సంబంధించని పెద్దమాట అనుకోకండి. పిల్ల తన కుక్కపిల్లకు పెట్టిన పేరు, రాత్రి ఎన్నింటికి మేలుకుంది, ఏ లెక్క తప్పింది, ఏ మాటకు వెంటనే స్పందించింది, ఇవన్నీ ఎక్కడో నమోదవుతాయి. పిల్లలకు చదువు నేర్పే బొమ్మలు తయారుచేసే హాంకాంగ్ కంపెనీ వీటెక్ దగ్గరి నుంచి 2015లో 60 లక్షలకు పైగా పిల్లల వివరాలు దొంగల చేతికి చిక్కాయి. 2018లో అమెరికా ప్రభుత్వ సంస్థ దానితో ఆరున్నర లక్షల డాలర్లు కట్టించింది. పిల్లలతో కబుర్లు చెప్పే 'కేలా' అనే బొమ్మను 2017లో జర్మనీ నిషేధించింది, అది ఇంట్లో మాటలు వినే దొంగచెవి అని. 2022లో హ్యూమన్ రైట్స్ వాచ్ 49 దేశాల్లో, కరోనా కాలంలో ప్రభుత్వాలు సిఫారసు చేసిన 160కి పైగా విద్యా సాఫ్ట్‌వేర్లను పరిశీలిస్తే, దాదాపు పదింట తొమ్మిది పిల్లల హక్కులకు భంగం కలిగించేలా గానీ, ముప్పు తెచ్చేలా గానీ ఉన్నాయని తేలింది.

మన దేశంలో 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం వచ్చింది. దాని 9వ సెక్షన్ ప్రకారం 18 ఏళ్ళలోపు వాళ్ళ సమాచారం తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలి. పిల్లల ప్రవర్తనపై నిఘా పెట్టకూడదు. వాళ్ళను గురిపెట్టి ప్రకటనలు ఇవ్వకూడదు. నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. ముఖ్యమైన బాధ్యతల అమలుకు 18 నెలల గడువు ఇచ్చారు. అయితే చదువు కోసం, పిల్లల భద్రత కోసం అయితే విద్యాసంస్థలకు ఆ నిఘా విషయంలో మినహాయింపు ఉంది. "ఇది చదువు కోసమే" అన్న మాట చాటున ఎవరెవరు దూరతారో మనం కనిపెట్టి ఉండాలి. ఇంకో మాట. అనుమతి ఇచ్చిన తల్లి ఎవరు? చదువు రాని ఆమెకు ఇంగ్లీషులో ఉన్న షరతులు చూపించి, "ఇక్కడ నొక్కమ్మా" అని వేలు పట్టి నొక్కించింది మేమే. దాన్ని అనుమతి అనలేం.

మేం ఏం చేశాం?

కంపెనీకి ఉత్తరం రాశాం. రాత్రి సందేశాలు ఆపండి, కుక్కపిల్ల వెళ్ళిపోవడం తీసేయండి అన్నాం. ఒక్క బడి కోసం మార్చడం కుదరదన్నారు. చివరికి తీసేయాలని నిర్ణయించుకున్నాం. కానీ ఒక్క రాత్రిలో తీసేస్తే పిల్లల దృష్టిలో మేం వాటిని చంపినట్టే. అందుకని రెండు రోజులు పిల్లలతో కూర్చున్నాం. ఆ బొమ్మను ఎలా గీస్తారో, ఏడుపు ఎప్పుడు రావాలో మనుషులే ముందుగా ఎలా రాసిపెడతారో చెప్పాం. "ఎవరు రాస్తరు? వాళ్ళకు పిల్లలు లేరా?" అని అడిగారు. తర్వాత ఎవరి కుక్కపిల్లను వాళ్ళు కాగితం మీద గీసి, పేరు రాసి గోడకు అంటించారు. ఆ మూడో తరగతి బాబు కూడా గీశాడు, వెళ్ళిపోయిన మొదటిదాన్ని.

ఆ తర్వాత కొన్ని వారాలు పిల్లల రాక తగ్గిందని, లెక్కలు వెనకబడ్డాయని కూడా చెప్పాలి. అప్పుడు బెట్టీ సంగతి గుర్తొచ్చింది. మూడో తరగతి పిల్లలు ఒకటో తరగతి పిల్లలకు లెక్కలు నేర్పేలా జతలు కట్టాం. నేర్పే పనిలో మగపిల్లలూ, ఆడపిల్లలూ సమానంగా ఉండాలని నియమం పెట్టుకున్నాం. దానికి కరెంటు అక్కర్లేదు, నాయన ఫోన్ అక్కర్లేదు. నెమ్మదిగా పిల్లలు మళ్ళీ వచ్చారు.

మనం ఏం అడగాలి?

ట్యాబులను వ్యతిరేకించమని నేను చెప్పడం లేదు. మన పిల్లలకు కంప్యూటర్ అందకుండా పోవడం కూడా అన్యాయమే. ఎవరైనా ఉచితంగా తెచ్చి ఇచ్చినప్పుడు సంతకం పెట్టేముందు కొన్ని ప్రశ్నలు అడగండి. పిల్ల ఒక రోజు తెరవకపోతే ఇది ఏం చేస్తుంది? రాత్రిపూట సందేశాలు పంపుతుందా, వాటిని మనం ఆపగలమా? పెంపుడు జంతువు చస్తుందా, అలుగుతుందా, వెళ్ళిపోతుందా? దాన్ని ఒక్క పిల్ల కాకుండా తరగతి అంతా కలిసి పెంచవచ్చా? సాకే పనులు ఆడ బొమ్మలకే, సాహసాలు మగ బొమ్మలకే ఇచ్చారా? ఏ వివరాలు తీసుకుంటున్నారు, ఎక్కడ పెడుతున్నారు, తీసేయమంటే తీసేస్తారా? తల్లికి అర్థమయ్యే భాషలో, చదివి వినిపించేలా అనుమతి పత్రం ఉందా? జవాబు రాతలో ఇవ్వమనండి. ఇవ్వలేకపోతే ఆ ట్యాబులు మనకు ఉచితం కాదన్నమాట.

అన్నింటికంటే ముందు పిల్లలను అడగండి. మేం నెల రోజులు నివేదికలో అంకెలు రాసుకున్నాం గానీ, "రాత్రి నిద్రపోతున్నావా?" అని ఒక్కరినీ అడగలేదు. ఆ పాప చాప మీద నిద్రపోకపోతే మాకు ఇప్పటికీ తెలిసేది కాదేమో.

మీ బడుల్లో, అంగన్వాడీల్లో ఇలాంటివి ఉంటే తిరిగి వెళ్ళగానే ఒకసారి తెరిచి చూడండి. రెండు రోజులు ముట్టుకోకుండా ఉంచి, మూడో రోజు అది పిల్లతో ఏం మాట్లాడుతుందో వినండి. విన్నది రాసి పంపండి. అందరి అనుభవాలూ కలిపి విద్యాశాఖ ముందు, బాలల హక్కుల కమిషన్ ముందు పెడదాం.